వేంగి నుండి కొల్లేటి వరకు



గత సంక్రాంతి సెలవులలో మా సంఘ యౌవనస్థులు ఒక కోరికతో మా ఇంటికి వచ్చారు. "అయ్యగారూ, ఈ ఏడు అందరము కలిసి ఎక్కడికైనా వెళ్దామండీ" అన్నారు. ఒకరు ఊటీ అన్నారు, ఒకరు అరకు అన్నారు, మరియొకరు హైదరాబాదు అన్నారు. యౌవనస్థుల పెట్టెలోని డబ్బు లెక్క చూస్తే ఊటీ మాట అటుంచి రాజమండ్రి దాటేటట్టు కూడ లేదు. మాది తాడేపల్లిగూడెము దగ్గరలోని ఒక చిన్న పల్లెటూరి సంఘము. కోతలు అయ్యాయి గాని ధాన్యము డబ్బు ఇంకను అందరి చేతికి రాలేదు.

వంటింట్లో నుండి మా సతీమణి ఈ మాటలన్నీ విన్నది. "మన ప్రక్కన ఏమున్నదో మీలో ఎవరైనా చూచారా?" అని అడిగింది. ఎవరును మాట్లాడలేదు. నిజము చెప్పాలంటే మేము కూడ మాట్లాడలేదు. వేంగి అనే పేరు బడిలో చదివాము. కొల్లేటి చేప ఎన్నోసార్లు తిన్నాము. ఏలూరు మీదుగా రైలులో లెక్కలేనన్ని సార్లు వెళ్లాము. కాని దిగి చూచినది లేదు. ఆ సాయంకాలమే తీర్మానము జరిగింది. రెండు దినములు, ఒక మినీ బస్సు, ఇరవైయిద్దరు మనుష్యులు, పులిహోర, పెరుగన్నము, ఆవకాయ జాడీ.

బయలుదేరే ఉదయమున ఒక పెద్దాయన కూడ చేతిసంచితో వచ్చి నిలబడ్డారు. పిల్లలందరికీ ఆయన తాతగారే. ఆయనది కొల్లేటి లంక గ్రామము. 2006 తరువాత అక్కడ బ్రతుకు జరగక కుమార్తె దగ్గరకు వచ్చి, తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో బస్తాల లెక్క వ్రాసే పని చాలా కాలము చేశారు. "మా ఊరి వైపు వెళ్తున్నారని విన్నానండీ. చోటుంటే నేనూ వస్తాను" అన్నారు. వెనుక సీటులో కిటికీ ప్రక్కన కూర్చున్నారు.

మన గూడెము కూడ చూడదగినదే

ఊరు దాటకముందే ఒక మాట చెప్పవలెను. తాడేపల్లిగూడెమును మనము ఉల్లిపాయలకు, బెల్లమునకు, రైలు ఎక్కుటకు మాత్రమే వెళ్లే ఊరుగా చూస్తాము. కాని రెండవ ప్రపంచ యుద్ధ కాలములో విమానముల కొరకు వేసిన రన్‌వే ఇక్కడ ఉన్నది. ప్రక్కనే వెంకటరామన్నగూడెములో 2007లో స్థాపించబడిన ఉద్యాన విశ్వవిద్యాలయము ఉన్నది. మామిడి, కొబ్బరి, జామ, పూలమొక్కల విషయమై రైతు బిడ్డలు తెలిసికొనవలసినది అక్కడ ఎంతో ఉన్నది. 2015లో ఎన్‌.ఐ.టి. కూడ ఈ ఊరికి వచ్చింది. మా యౌవనస్థులలో ఇంటరు చదివే అమ్మాయి ఒకతె ఆ సంగతి విని బస్సు కిటికీలో నుండి చాలాసేపు వెనుకకు చూచింది.

జిల్లాల సంగతి కూడ గుర్తుంచుకొనండి. 2022 ఏప్రిల్ 4 నుండి ఏలూరు వేరు జిల్లా అయినది. పశ్చిమ గోదావరికి భీమవరము కేంద్రమైనది. తాడేపల్లిగూడెము పశ్చిమ గోదావరిలోనే ఉన్నది. మునుపు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నది. గీతలు మారినను నేల ఒక్కటే. పూర్వము దీనినంతటిని వేంగి దేశమనేవారు.

గుంటుపల్లి కొండ మీద

పెద్ద రోడ్డు మీద భీమడోలు వరకు వెళ్లి, అక్కడ కుడి చేతి వైపు తిరిగి, ద్వారకా తిరుమల, కామవరపుకోట మీదుగా జీలకర్రగూడెము చేరాము. భీమడోలు దాటగానే నేల మారుతుంది. అంతవరకు కాలువ, వరిచేను, కొబ్బరి. అటు తరువాత ఎర్రమట్టి, మామిడి, పొగాకు, మొక్కజొన్న, పామాయిలు తోటలు. డెల్టా పిల్లలకు మెట్ట ప్రాంతము వేరే దేశమువలె కనిపించింది.

జీలకర్రగూడెము ప్రక్కనున్న కొండ మీదనే గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నాయి. మెట్లున్నాయి గనుక పెద్దవారు కూడ నెమ్మదిగా ఎక్కవచ్చును. క్రీస్తు పూర్వపు శతాబ్దములలోనే బౌద్ధ భిక్షువులు ఇక్కడ కొండను తొలిచి నివాసములు చేసికొన్నారు. వర్షాకాలములో భిక్షువులు ఊరూరా తిరుగక ఒక్కచోట ఉండుట వారి నియమము. అందుకు ఇటువంటి విహారములు కావలసి వచ్చాయి. కొండ మీద ఇటుకల కట్టడములు, విరిగిన స్తంభముల మండపము, మ్రొక్కుబడిగా కట్టించిన చిన్న చిన్న స్తూపములు అనేకము కనబడుతాయి.

అన్నిటిలో చూడవలసినది గుండ్రని చైత్యగుహ. లోపల రాతిలోనే మలిచిన స్తూపము, దాని చుట్టు తిరుగుటకు దారి ఉన్నాయి. తలయెత్తి చూస్తే కప్పు గొడుగువలె ఉన్నది. దానికి రాతి పట్టీలు చెక్కారు. అవి ఎందుకు చెక్కారో మాకు అర్థము కాలేదు. అప్పటివరకు మౌనముగా ఉన్న తాతగారు గుమ్మములో నిలబడి నవ్వారు.

"ఇది మా చుట్టిల్లండీ అయ్యగారూ. మా లంకలో గుడిసెలు ఇలా గుండ్రంగానే ఉండేవి. గాలివాన వచ్చినా మూల దొరకదు గనుక పడిపోయేవి కావు. పైన చూడండి, అవి వాసాలు. తాటాకు కప్పకముందు ఇలాగే కనిపిస్తాయి" అన్నారు.

పిల్లలందరు తలలు పైకెత్తారు. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గాని, ఈ ఇంటి వాసాలు లెక్కపెట్టవలసినవే. చెక్కతో, గడ్డితో ఇల్లు కట్టుట ఎరిగిన పనివారు మొదటిసారి రాతిని చేతబట్టినప్పుడు తమకు తెలిసిన ఇంటినే రాతిలో చెక్కారు. బీహారులోని బరాబర్ గుహలలో కూడ ఇటువంటి పనితనమే ఉన్నదని పండితులు చెబుతారు. రెండువేల ఏండ్ల క్రిందటి పనివానిని, మన లంకలో గుడిసె కట్టిన మనుష్యుని ఒకే గుమ్మములో చూచినట్టు మాకు తోచింది.

ఒక చిన్నవాడు "ఇది గుడి అయ్యగారూ? మనము లోపలికి వెళ్లవచ్చునాండీ?" అని అడిగాడు. ఇది ఇప్పుడు ప్రభుత్వ పురావస్తు శాఖ కాపాడుతున్న స్థలమని, లోపలి స్తూపమును చుట్టుప్రక్కల ప్రజలు ధర్మలింగేశ్వరుడని కొలుస్తారని, ఇతరులు పవిత్రముగా ఎంచిన చోట గొంతు తగ్గించి నడచుట మంచి మర్యాద అని చెప్పాము. వాడు ఆ తరువాత కొండ దిగేవరకు గుసగుసలాడుతూనే ఉన్నాడు.

పెదవేగి దిబ్బ

మధ్యాహ్న భోజనము చెట్ల నీడను ముగించి ఏలూరు దారిలో పెదవేగికి వచ్చాము. ఏలూరుకు సుమారు 12 కిలోమీటర్ల దూరము. ఇదే వేంగీపురము. నాలుగు, ఐదు శతాబ్దములలో శాలంకాయన రాజులు ఇక్కడ నుండి ఏలారు. 624 ప్రాంతమున కుబ్జ విష్ణువర్ధనునితో తూర్పు చాళుక్యుల పాలన మొదలైనది. ఆయన బాదామి చక్రవర్తి రెండవ పులకేశి తమ్ముడు. ఏడవ శతాబ్దములో చీనా దేశపు యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చినప్పుడు దాని రాజధాని గురించి వ్రాసినది ఈ ఊరిని గూర్చియే అని చరిత్రకారులు తలంచుచున్నారు. పిమ్మట రాజధాని రాజమహేంద్రవరమునకు మారినది. అక్కడ రాజరాజ నరేంద్రుని ఆస్థానములో నన్నయ భారతము తెలుగు చేయ మొదలుపెట్టాడు. ఆ రాజు కుమారుడే 1070లో కులోత్తుంగ చోళుడై తమిళ దేశపు సింహాసనము ఎక్కాడు.

ఇంత చెప్పి పిల్లలను దిబ్బ దగ్గరకు తీసికొని వెళ్లాము. 1980లలో పురావస్తు శాఖవారు త్రవ్వకములు జరిపి ఇటుకల పునాదులు బయటపెట్టారు. ధనమ్మ దిబ్బ అని దానికి పేరు. మా యౌవనస్థులు అటు ఇటు చూచి "ఇంతేనాండీ?" అన్నారు. అంతే. కోట లేదు, బురుజు లేదు. చుట్టు పామాయిలు తోటలు. పామాయిలు పంటను గూర్చి పరిశోధించే జాతీయ సంస్థ కూడ నేడు ఈ పెదవేగిలోనే ఉన్నది.

వారిని తొందరపెట్టక ఆ ఇటుకల ప్రక్కన కొంతసేపు కూర్చుండబెట్టాము. ఒక్కొక్క ఇటుక మన ఇంటి ఇటుకకంటె ఎంతో పెద్దది. దానిని కాల్చినవాడు, మోసినవాడు ఎవరో ఏ శాసనములోను లేదు. రాజుల పేర్లు రాగి రేకుల మీద మిగిలాయి, పనివాని పేరు మిగలలేదు, కాని మిగిలిన ఇటుక అతడు చేసినదే. ఈ మాట చెప్పినప్పుడు తాపీపని చేసే మా సహోదరుడు ఒకడు వంగి ఆ ఇటుకను చేతితో తడిమి చూచాడు.

ఏలూరు: రెండు నదుల నీరు కలిసే ఊరు

ఆ రాత్రి ఏలూరులో ఒక సంఘమువారు తమ హాలులో చాపలు పరచి మాకు బస ఇచ్చారు. చీకటి పడకముందు ఊరు చూచాము. గజ్జలవారి చెరువు దగ్గర ఎత్తయిన బుద్ధ విగ్రహము, చుట్టు ఉద్యానవనము ఉన్నాయి. సాయంకాలము పిల్లలతో కూర్చుండుటకు మంచి చోటు.

తంగెళ్లమూడిలో తివాచీలు నేసేవారిని తప్పక చూడండి. ముస్లిము ప్రభువుల కాలములో పారశీక దేశమునుండి వచ్చిన నేతగాండ్రు ఈ పనిని ఏలూరుకు తెచ్చారు. మగ్గము నిలువుగా ఉంటుంది. ఉన్నిని ఒక్కొక్క పోగునకు ముడివేసి, కత్తితో కోసి, దువ్వెనవంటి పనిముట్టుతో క్రిందికి కొడుతారు. ఇట్లు వేలకొలది ముడులు పడితేనే ఒక పువ్వు కనబడుతుంది. నేతగాండ్రు ఇప్పుడు తగ్గిపోయారు. మా ఆడపిల్లలు ఒక ముడి వేయబోయి మూడుసార్లు తప్పారు. ఆ నేసే అమ్మ నవ్వి "నేర్చుకోవాలంటే చిన్నప్పుడే కూర్చోవాలమ్మా" అన్నది.

ఏలూరునకు ఇంకొక విశేషము ఉన్నది. విజయవాడ వైపునుండి కృష్ణా కాలువ, గోదావరి వైపునుండి గోదావరి కాలువ ఇక్కడ కలుస్తాయి. ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయినది. దానిని కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ దొర 1803లో పుట్టి 1899లో మరణించారు. 1832-33 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమలో జనము రాలిపోయిన తరువాత, ఈ డెల్టాకు నీరు పారించుటకు ఆయన పట్టుబట్టి పని చేశారు. ఆ కాలువలు పొలములకు నీరు ఇచ్చుటయే గాక రహదారులు కూడ అయ్యాయి. రాజమండ్రినుండి ఏలూరు మీదుగా విజయవాడకు, అక్కడనుండి బకింగ్‌హాము కాలువ ద్వారా మద్రాసు వరకు పడవలు నడిచేవి.

మన సంఘముల చరిత్ర కూడ ఈ నీటి అంచుననే ఉన్నది. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు ఇంగ్లాండు మిషనరీలు కుటుంబములతో నరసాపురము ప్రాంతమునకు వచ్చారు. 1841లో చర్చి మిషనరీ సొసైటీవారు మచిలీపట్టణములో పని మొదలుపెట్టారు. 1854లో ఏలూరు వారి కేంద్రమైనది. 1845లో రాజమండ్రిలో లూథరను పని ఆరంభమైనది. రోడ్లు లేని ఆ దినములలో సేవకులు పడవలలో పండుకొని, పడవలలో వండుకొని, గట్టు వెంబడి ఊళ్లు తిరిగారు. ఇవాళ ఆ కాలువలో పడవ లేదు. గుర్రపుడెక్క పేరుకొని ఉన్నది.

కొల్లేరు

రెండవ దినము తెల్లవారకముందే లేచి కైకలూరు రోడ్డు పట్టాము. ఈ రోడ్డు కొల్లేటి నడుమ నుండి వెళ్తుంది. పెదఎడ్లగాడి వంతెన దగ్గర బస్సు ఆపి దిగాము. మంచు ఇంకను నీటి మీద ఉన్నది. కిక్కిస గడ్డి మధ్య ఒక మనుష్యుడు తాటిదోనెలో నిలబడి గడకర్రతో నెట్టుకొంటూ వెళ్తున్నాడు. చప్పుడు లేదు.

కొల్లేరు ఎట్లు పనిచేస్తుందో పిల్లలకు అక్కడే చెప్పాము. కృష్ణా డెల్టాకు గోదావరి డెల్టాకు మధ్యనున్న పల్లము ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు, డెల్టాలోని మురుగు కాలువలు తమ నీటిని ఇందులోనికి తెస్తాయి. బయటకు పోవుటకు ఉప్పుటేరు ఒక్కటే దారి. అది సుమారు 60 కిలోమీటర్లు పారి సముద్రములో కలుస్తుంది. వరద వచ్చినప్పుడు కొల్లేరు గాదెవలె ఆ నీటిని పట్టుకొని నెమ్మదిగా వదలుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన సంగతి అందరికి జ్ఞాపకమే. ఆ బుడమేటి నీరు చివరకు చేరేది ఈ కొల్లేటికే. సముద్రమట్టమునకు 5 అడుగుల ఎత్తు వరకు నీరు నిలిస్తే సరస్సు విస్తీర్ణము 308 చదరపు కిలోమీటర్లు, 10 అడుగుల వరకు నిలిస్తే 901 చదరపు కిలోమీటర్లు. 1999లో 5 అడుగుల మట్టము లోపలి భూమిని అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో రామ్సార్ ఒప్పందము క్రింద ప్రపంచములో కాపాడదగిన తడినేలల జాబితాలో కొల్లేరు చేరినది.

తరువాత కైకలూరును ఆనుకొనియున్న ఆటపాక పక్షి కేంద్రమునకు వెళ్లాము. అక్కడ పర్యావరణ విద్యా కేంద్రము, చిన్న ప్రదర్శనశాల, పడవ షికారు ఉన్నాయి. అందరు దిగారు. తాతగారు దిగలేదు.

"రండి తాతగారూ" అని పిల్లలు పిలిచారు.

"మీరు వెళ్లి రండమ్మా. ఆ పక్షుల కోసమే మా చెరువు కొట్టేశారు. నేను చూడలేను" అన్నారు.

మేము ఆయన ప్రక్కన కూర్చున్నాము. 1970లలో ప్రభుత్వమే లంక గ్రామముల పేదలకు సొసైటీలు పెట్టించి చేపల చెరువులు ప్రోత్సహించినది. తరువాత పెట్టుబడిదారులు వచ్చి వేలాది ఎకరములలో గట్లు వేశారు. వరద నీరు ఉప్పుటేటికి చేరే దారి మూసికొనిపోయి, ఎగువ గ్రామములు మునుగసాగాయి. చివరకు సుప్రీం కోర్టు ఆదేశముల మేరకు 2006లో అభయారణ్యములోని చెరువుల గట్లను కొట్టివేశారు. ఆ పనికి ఆపరేషన్ కొల్లేరు అని పేరు. ఇదంతయు మేము వార్తలలో చదివినది. తాతగారు బ్రతికినది.

"యంత్రాలు వచ్చిన రోజున మా ఆవిడ గట్టు మీద కూర్చుని లేవనంది అయ్యగారూ. అప్పు ఉండిపోయింది, చెరువు పోయింది. పక్షులకు ఇల్లు ఇచ్చారు. మాకేమి ఇచ్చారు?" అని అడిగారు.

మేము జవాబు చెప్పలేదు. మా దగ్గర జవాబు లేదు. కొంతసేపటికి ఆయనే మరల మాట్లాడారు.

"అబద్ధమెందుకండీ. ఆ చెరువు మేము సాగు చేసింది కూడా కాదు. బయటి ఊరి ఆసామికి కౌలుకిచ్చాము. ఏటా ఇంత అని వచ్చేది, తిన్నాము. అంతకుముందు మా నాన్న కాలములో దోనె ఉన్నవాడెవడైనా మావులు వేసుకొని కొర్రమీను, ఇంగిలాయి, మార్పులు పట్టుకొనేవాడు. కొల్లేటి నీళ్లే త్రాగేవాళ్లము. గట్టు వేసిన రోజున నేనే నిలబడి సంతోషించాను. ఆ గట్టుతోనే దోనెవాడికి దారి పోయిందని నాకు తరువాత తెలిసింది."

ప్రియులారా, ఆ మాట మమ్ములను కూడ తాకినది. మా సంఘములో నేటికిని చేపల చెరువుల మీద బ్రతికే కుటుంబములు ఉన్నాయి. వారి కానుకలు సంతోషముగా పుచ్చుకొన్నాము. మా వరిచేలలో చల్లిన మందు నీరు కూడ మురుగు కాలువలలోపడి ఈ కొల్లేటికే చేరుతుంది. ఆ నీరు ఎక్కడికి పోతుందని ఏనాడును మేము అడుగలేదు. తాతగారు తన గట్టును గూర్చి చెప్పగలిగారు. మేము మాత్రము మా గట్టును ఇంతవరకు చూడలేదు.

గూడబాతులు

ఇంతలో మా సంఘములోని ఏడేండ్ల పాప పరుగెత్తుకొని వచ్చి "తాతగారూ, ఒక పక్షి నోట్లో సంచి ఉంది! దాని పేరేమిటో ఎవరికీ తెలియడము లేదు" అన్నది. తాతగారు ఒక నిమిషము ఊరుకొని, చేతికర్ర పుచ్చుకొని దిగారు.

"అది గూడబాతమ్మా" అన్నారు.

ఆ పేరు వినగానే మేము ఉలిక్కిపడ్డాము. మన తెలుగు బైబిలులో 102వ కీర్తనలో, బాధలోనున్న భక్తుడు తన్ను తాను గూడబాతుతో పోల్చుకొన్నాడు. ఆ కీర్తన ఎన్ని సమాధి కూడికలలో చదివామో లెక్కలేదు. ఆ పక్షి ఎట్లుండునో మాత్రము ఎరుగము. ఇప్పుడు చెరువు నడుమ తుమ్మచెట్ల మీద, అటవీశాఖవారు నిలిపిన ఇనుప స్టాండ్ల మీద వందలకొలది గూళ్లు కట్టుకొని మా యెదుట ఉన్నది. పొడవైన ముక్కు, దాని క్రింద వల సంచివంటి తోలు. పిల్లపక్షి తల్లి నోటిలోనికి తలదూర్చి చేప తీసికొంటున్నది. ప్రక్కన రెక్కల మీద గులాబి రంగు అద్దినట్టున్న పెద్ద కొంగలు ఉన్నాయి. పెయింటెడ్ స్టార్క్ అని వాటిని పిలుస్తారు.

1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ ఉపాధ్యాయుడు ఈ కొల్లేటి ప్రాంతములో గూడబాతుల పెద్ద స్థావరమును చూచి లోకమునకు తెలిపారు. కొన్ని దశాబ్దములకు ఆ పక్షులు ఆ చోటు విడిచిపోయాయి. నేడు ఆటపాకలో మరల గూళ్లు పెడుతున్నాయి. తాతగారు చాలాసేపు చూచారు. "ఇవి మా చిన్నప్పుడు మా ఊరి చెట్ల మీద కూడా వాలేవి. చెట్టు క్రింద కంపు కొడుతుందని మా అమ్మ తిట్టేది" అని పాపతో చెప్పారు. తన చెరువు మాట మరల ఎత్తలేదు. బాధ తీరిపోయినదని మేము అనము. ఆయన దిగి చూచారు, అంతే.

ఆ మధ్యాహ్నము కొల్లేటికోట వెళ్లాము. అక్కడ పెద్దింట్లమ్మ జాతరకు ఫాల్గుణ మాసములో జనము తరలివస్తారు. పూర్వము అక్కడ గజపతి రాజు కోట ఉండెనని, నీరే దానికి రక్షణ అని, శత్రువులు ఆ నీటిని సముద్రమునకు వదలివేయుటకు ఉప్పుటేరు త్రవ్వారని ఒక కథ చెప్పుకొంటారు. కథ ఎంతవరకు నిజమైనను, కొల్లేరు ఎండితే కొల్లేటివారు ఓడిపోతారని పూర్వులకు తెలుసునని దానివలన కనబడుచున్నది. తిరుగు ప్రయాణములో ఆకివీడు దగ్గర ఆ ఉప్పుటేటినే దాటి, భీమవరము మీదుగా రాత్రి భోజనము వేళకు ఇల్లు చేరాము.

వెళ్లగోరువారికి కొన్ని మాటలు

పక్షులను చూచుటకు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మంచి కాలము. ఉదయము ఎండ ఎక్కకముందే ఆటపాక చేరండి. పక్షుల దగ్గర కేకలు, పాటలు, స్పీకర్లు వద్దు. గూటి మీద నున్న పక్షి బెదరి లేస్తే గ్రుడ్లు కాకుల పాలు అవుతాయి. గుంటుపల్లి కొండ మీదికి త్రాగు నీరు, తలకు గుడ్డ తీసికొని వెళ్లండి. గుహల గోడల మీద పేర్లు వ్రాయవద్దు. వర్షాకాలములో ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీరు వచ్చునప్పుడు ఆ దారిన ప్రయాణము పెట్టుకొనవద్దు. భోజనము ఇంటినుండి తీసికొని వెళ్తే ఖర్చు తగ్గుతుంది, కవర్లు మాత్రము తిరిగి ఇంటికే తీసికొని రండి. మరియు మీ సంఘములో కొల్లేటి వైపునుండి వచ్చిన పెద్దవారు ఎవరైనా ఉంటే వారిని తప్పక వెంటబెట్టుకొని వెళ్లండి. వారికి తెలిసినది ఏ బోర్డు మీదను వ్రాసిలేదు.

మొన్న ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత యౌవనస్థులు మరల ఊటీ మాట ఎత్తారు. వెళ్లండి, అది కూడ దేవుడు చేసినదే. కాని ఊటీ కొండలు ఎక్కడికి పోవు. కొల్లేరు మాత్రము ఏటేటా కొంచెము కొంచెముగా పోవుచున్నది. గనుక దానిని ముందు చూడండి.